కార్తీకంలో నక్షత్రాల వేట

వానలు వెనక్కి తగ్గాయి, ఆకాశం తేటపడింది. హైదరాబాద్ శివార్లలోని కొత్వాల్‌గూడలో ఉంటే ఎయిర్‌పోర్ట్ దీపాలకు వీపు తిప్పి నిలబడండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నిమిషాలైనా కావాలి. అందాకా ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

నవంబరు మొదట్లో రాత్రి ఎనిమిదింటికి దాదాపు నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. పడమటి రెండూ పూర్వాభాద్ర, తూర్పు రెండూ ఉత్తరాభాద్ర. దానికి ఈశాన్యంగా బైనాక్యులర్ తిప్పితే మసక మరకలా ఆండ్రోమెడా గెలాక్సీ! ఆ వెలుగు 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరింది.

తూర్పున కృత్తికలు. మామూలు కంటికి ఆరు, బైనాక్యులర్‌లో డజన్లకొద్దీ. కార్తీక పౌర్ణమినాడు మాత్రం చంద్రుడు ఆ దాపునే ఉండి వాటిని వెలవెలబోయేలా చేస్తాడు. అమావాస్య రోజులే మేలు.

టెలిస్కోపుల మాటకొస్తే, 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌కు 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. మనకిప్పుడే అంత హంగు అక్కర్లేదు లెండి.