షుగర్ లేనోళ్లకు షుగర్ గోలీ

మైకు కొంచెం గుర్రుమంటోంది. వెనకున్న అక్కలకు వినబడకపోతే చెయ్యెత్తండి, ఆగుతాను.

మొన్న నా దగ్గరికి ఒక రిటైర్డ్ సారు వచ్చారు. డెబ్బయ్యేళ్లకు దగ్గర్లో ఉంటారు. జేబులోంచి గోలీల పట్టీ తీసి టేబుల్ మీద పెట్టారు. పదింటిలో నాలుగు వాడేసినట్టున్నారు. "షుగర్ ఎప్పట్నుంచి సారూ?" అన్నాను. "నాకు షుగరెక్కడిది? మా పిలగాడు అమెరికా నుంచి ఫోన్ చేసిండు. ఇది వేసుకుంటే ముసలితనం జల్ది రాదట" అన్నారు. ఆ గోలీ మెట్‌ఫార్మిన్. మీలో చాలామంది ఇళ్లలో ఫ్రిజ్ మీదో దేవుని గూట్లోనో ఉండే ఉంటుంది.

ఆ పిల్లవాడు చెప్పింది ఒట్టి గాలిమాట కాదు. అట్లాగని సారు మింగాల్సిన మందూ కాదు. ఎందుకో చెప్తాను.

వడ్లు కొనే సెంటర్ మీకందరికీ తెలుసు. బువ్వ తింటే వచ్చే చక్కెరను వడ్ల బస్తాలనుకోండి. గోదాం మన కండ. బస్తాలను లోపలికి మోసే హమాలీలు ఇన్సులిన్. గోదాం చిన్నదైనా, లోపల జాగా లేకపోయినా హమాలీలు తోసుకుంటూ, తిట్టుకుంటూ మోయాలి. పది మంది పనికి ఇరవై మంది కావాలి. దీన్నే ఇన్సులిన్ నిరోధం అంటారు. తమాషా ఏమిటంటే, ఇరవై మంది మోసినన్నాళ్లూ బయట బస్తా కనబడదు. రక్త పరీక్ష చేయిస్తే "షుగర్ నార్మల్" అని కాగితం వస్తుంది. ఏండ్లు గడిచాక హమాలీలు చతికిలబడతారు. అప్పుడు బస్తాలు రోడ్డు మీదే ఉంటాయి. షుగర్ వ్యాధి అని మనం పేరు పెట్టేది ఆ రోజుకు.

బస్తాలు తెచ్చే లారీ కూడా ఒకటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కార్జం తనంతట తాను చక్కెర తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. హమాలీల మాట చెల్లని ఒంట్లో ఈ లారీకి అడ్డూ అదుపూ ఉండదు. పొద్దున ఏమీ తినకముందే షుగర్ ఎక్కువుందని కొందరు ఆశ్చర్యపోతారే, అదంతా ఈ సరుకే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా ఆపేది ఈ రాత్రి లారీనే. అది గోదాం కట్టదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

మన హమాలీలకు ఇంత బరువెందుకు పడింది? కొంత జవాబు తల్లి కడుపులోని తిండిలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పని చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం అందుబాటులో పెట్టారు. మిగతా ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి 1165 మందిని పరీక్షించారు. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఆ తిండి దొరికిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ నిరోధం సుమారు 20 శాతం తక్కువ. ఎత్తు కూడా ఒక సెంటీమీటరు పైన ఎక్కువ. 2008లో ఈ ఫలితం అచ్చయింది. అంగన్‌వాడీ టీచరమ్మలు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీరు గర్భిణికి పెట్టే గుడ్డు, పాలు, పప్పు ఆ కడుపులోని బిడ్డ యాభయ్యేళ్ల వయసుకు కూడా పెడుతున్నట్టే. నా మందులచీటీకి అంత బలం లేదు.

ఇప్పుడు గోలీ సంగతి. దీని పూర్వీకురాలు యూరప్‌లో పెరిగే ఒక ఊదారంగు పూల మొక్క. 1922లో డబ్లిన్‌లో మెట్‌ఫార్మిన్ తయారుచేసి పక్కన పెట్టేశారు. 1957లో ఫ్రాన్స్ వైద్యుడు జీన్ స్టెర్న్ షుగర్ రోగులకు వాడి చూపించాడు. ఇవాళ దీన్ని టన్నులకొద్దీ తయారుచేసి లోకానికి అమ్మేవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా కూడా ఉంది.

షుగర్ అంచున ఉన్న మనవాళ్లకు పనిచేస్తుందా? చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో లెక్క చెప్పింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న వాళ్లలో 39 మందికి. రోజుకు రెండుసార్లు 250 మిల్లీగ్రాముల గోలీ వేసుకున్న వాళ్లలో 40 మందికి. రెండూ చేసినవాళ్లలోనూ దాదాపు అంతే. అంటే నడిచేవాడికి గోలీ అదనంగా ఇచ్చిందేమీ లేదు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అరవై దాటినవాళ్లకు నడక, తిండి మార్పు బ్రహ్మాండంగా పనిచేశాయి, గోలీ అంతంతమాత్రమే.

మరి ఆయుష్షు మాటేమిటి? 2014లో బ్రిటన్ రికార్డులు చూసి, ఈ గోలీ వాడే షుగర్ రోగులు షుగర్ లేనివాళ్ల కంటే కొంచెం ఎక్కువే బతుకుతున్నారని రాశారు. ఈ గాలికి అది ఊతమిచ్చింది. 2022లో డెన్మార్క్ రికార్డులు చూస్తే ఆ తేడా కనబడలేదు. న్యూయార్క్‌లోని నిర్ బార్జిలాయ్ అనే వైద్యుడు 3000 మంది ముసలివాళ్లతో తేల్చుకుందామని ఏళ్ల తరబడి డబ్బు కోసం తిరిగాడు. పేటెంట్ లేని చవక మందు మీద పెట్టుబడి ఎవరు పెడతారు చెప్పండి!

సారుకు సరే అనకుండా నన్ను ఆపింది 2019 నాటి ఇంకో అధ్యయనం. 65 దాటిన ఆరోగ్యవంతుల చేత 14 వారాలు బరువులెత్తించారు. సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి ఉత్త గోలీ. మెట్‌ఫార్మిన్ వాళ్లకు కండ తక్కువ పెరిగింది. గోదాం కట్టుకోవాల్సిన వయసులో మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపినట్టయింది. పెద్ద వయసులోనూ తాటిచెట్లెక్కే గౌడన్న పిక్కలు చూడండి, నేను చెప్పే గోదాం అదే.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం నా మాట విని గోలీ ఆపొద్దు. మీకది మంచి మందు. తిన్నాక వేసుకోండి. మొదట్లో కడుపు గడబిడ అయితే డాక్టరుతో చెప్పి డోసు మెల్లగా పెంచుకోండి. ఏండ్లుగా వాడుతూ అరికాళ్లు తిమ్మిర్లెక్కితే బి12 చూపించుకోండి. కిడ్నీ పరీక్ష ఏడాదికోసారి తప్పదు. వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆపి దవాఖానకు రండి. ఈ గోలీ వేసుకుని పీకలదాకా తాగడం ప్రాణం మీదికి తెస్తుంది, నవ్వకండి తమ్ముళ్లూ.

సారు మిగిలిన ఆరు గోలీలు నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లారు. కుర్చీలోంచి చేతులానించకుండా లేవమంటే మూడోసారికే తొడలు వణికాయి ఆయనకు. రోజుకు రెండు పూటలా పదేసి సార్లు లేచి కూర్చోమన్నాను.

ఈ టేపు ఇక్కడ పెడుతున్నాను. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే, మెడ వెనక మసి రాసినట్టు నల్లగా మందంగా ఉంటే నన్ను కలవండి. ముందు వరసలో ఉన్న తమ్ముడూ, నువ్వు రా. చొక్కా పైకెత్తు. పొట్ట లోపలికి లాగకు, బొడ్డు దగ్గర కొలవాలి.