ఖాళీ డబ్బా తిరిగి పంపొద్దు

డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరులో ఉంటున్న మన పిల్లల గదులకు ఊళ్ల నుంచి డబ్బాలు వస్తాయి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి బస్సుల్లోనో, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే తెలిసినవాళ్ల చేతనో అరిసెలు, జంతికలు, గోంగూర పచ్చడి చేరతాయి. మరి మన నుంచి ఊరికి ఏం వెళ్తోంది? ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన చీర, మిక్సీ. అది తప్పనడం లేదు. కానీ పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మనకు నేర్పింది అమ్మే కదా!

హన్నాను గుర్తు చేసుకోండి. కొడుకు సమూయేలు షిలోహులో, తల్లి రామాలో. ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని 1 సమూయేలు 2:19లో చదువుతాం. ఏడాదికోసారి చూసే బిడ్డ ఈసారికి ఎంత ఎదిగి ఉంటాడో అనుకుంటూ కుట్టి ఉంటుంది. చేతితో చేసిన కానుక విలువ అక్కడే ఉంది. చేస్తున్నంతసేపూ ఆ మనిషి మన మనసులో ఉంటారు.

మీరూ చేయగలరు. చూపు తగ్గిన నాయనమ్మకు ఆమెకిష్టమైన కీర్తనను పెద్ద అక్షరాలతో రాసి పంపండి. నాన్న మాత్రల డబ్బా మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో రాసి అంటించండి. పాత చీరతో సంచి కుట్టండి. రెండు పేజీల ఉత్తరం రాయండి.

ఇంకో మాట. ఫిలిప్పీ సంఘం కానుకను చెరలో ఉన్న పౌలుకు అందించిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. పౌలు అతన్ని పేరు పెట్టి గౌరవించాడు. మన కానుకలనూ ఎవరో మోస్తున్నారు. ఇరవై నాలుగో తేదీ రాత్రికే కావాలని డెలివరీ కుర్రాణ్ణి ఉరికించకుండా, పది రోజుల ముందే పంపండి. మీ గుమ్మానికి వచ్చినవాడికి మంచినీళ్లివ్వండి, పేరు అడగండి.

ఇక అమ్మ పంపిన డబ్బా సంగతి. మనలో చాలామంది ఊరి చివరి పేటల నుంచి వచ్చినవాళ్లం. మన అవ్వల చేతి వంటను ఊరు ముట్టని రోజులు మన ఇళ్లలో పెద్దలకు ఇంకా గుర్తే. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. మనసుల్లో మాత్రం అది పూర్తిగా పోలేదు. అందుకే ఆఫీసులో డబ్బా తెరవాలంటే జంకు. ఏ పండగ, ఏ ఊరు, ఎవరి వాళ్లు అని అడుగుతారని భయం. అడగనివ్వండి. మా అమ్మ చేసింది, మా క్రిస్మస్‌కి అని చెప్పి చేతిలో పెట్టండి. అమ్మ చేతి అరిసెను మంచం కింద దాచాల్సిన పని లేదు.

చివరగా, ఈ నగరంలో మేడలు కడుతున్న పాలమూరు, రాయలసీమ కూలీలు ఉన్నారు. పండగ రోజున పని మానితే వాళ్లకు కూలి ఉండదు. చాలామంది ఊరికి వెళ్లలేరు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలు, రంగులు పట్టుకుని వాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్దాం. ఊళ్లో ఉన్న అవ్వాతాతలకు పిల్లల చేత బొమ్మలు వేయిద్దాం, వాళ్లు చెప్పే మాటలు ఉత్తరాలుగా రాద్దాం. పోస్టు ఖర్చు మనం పెట్టుకుందాం. వచ్చేవాళ్లు ఇప్పుడే పేర్లు ఇవ్వండి.