చాటింపు వేసినవాణ్ణి ఎవరడిగారు?

(హైదరాబాద్ శివారులో ప్రతిపాదించిన ఇళ్ల లేఅవుట్‌పై గ్రామ నివాసులు పెట్టుకున్న సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"పీహెచ్‌డీ చేస్తున్నావు కదా, చట్టం ఏమంటుందో నాలుగు ముక్కలు చెప్పి పో" అని పిలిచారు. చెప్తాను. అంతకుముందు మా తాత సంగతి ఒకటి. ఆయన మా ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. శిస్తు కట్టమనో, చెరువు కట్ట పనికి రమ్మనో, పొద్దుగూకినాక పంచాయితీ ఉందనో గల్లీ గల్లీ తిరిగి చెప్పేవాడు. జనం కూడాక తాను వేపచెట్టు అవతల నిలబడేవాడు. ఊరందరినీ పిలిచింది ఆయనే. "నువ్వేమంటావు" అని ఆయన్ని అడిగినవాళ్లు మాత్రం లేరు.

మీరు కలెక్టరుకిచ్చిన అర్జీ చదువుతుంటే ఆయన గుర్తొచ్చాడు. "గ్రామస్తులను సంప్రదించకుండా లేఅవుట్ పనులు మొదలుపెట్టరాదు" అని రాశారు. న్యాయమైన మాట. నేనూ సంతకం పెడతాను. కానీ ఆ "గ్రామస్తులు" అన్న మాటలో ఎవరెవరున్నారు? కింద సంతకాలు చూశాను. ఒక్క వేలిముద్ర కూడా లేదు.

ఇక చట్టం. ఇంత పెద్ద ప్రాజెక్టు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ ఎలాగూ పెడతారని మీలో చాలామంది అనుకుంటున్నారు. పెట్టకపోవచ్చు. కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, అంతకుమించిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి. 50 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 124 ఎకరాల టౌన్‌షిప్‌కైనా అంతే. అయితే సిమెంటు ఫ్యాక్టరీ వస్తే జనాన్ని పిలిచి అడగాలన్న ఆ నోటిఫికేషనే, భవనాలనూ టౌన్‌షిప్‌లనూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. అనుమతి కావాలి గాని, మనల్ని అడగక్కర్లేదు. మన బోర్లు ఎండినా, మురుగు మన కుంటలోకి వదిలినా సరే.

మరి భూసేకరణ చట్టం? 2013 చట్టం మంచిదే. సామాజిక ప్రభావ మదింపు చేయాలి, గ్రామసభతో సంప్రదించాలి, బహిరంగ విచారణ పెట్టాలి అంది. "ప్రభావిత కుటుంబం" అంటే భూమి ఉన్నవాళ్లే కాదని కూడా చెప్పింది. మూడేళ్లుగా అక్కడ పనిచేసి బతుకుతున్న కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్లూ అందులోకి వస్తారు. ఇది చదివినప్పుడు నాకు సంతోషమేసింది. తర్వాత సమ్మతి దగ్గరికి వచ్చాను. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలి. ఆ శాతం లెక్కగట్టేటప్పుడు భూమి, ఆస్తి పోయేవాళ్లూ, ప్రభుత్వం అసైన్ చేసిన భూమి ఉన్నవాళ్లే లెక్కలోకి వస్తారు. కూలికి పోయే మా పెద్దమ్మ నష్టపోయేవాళ్లలో ఉంటుంది, ఒప్పుకోవాల్సినవాళ్లలో ఉండదు.

ఆ మేరకు దొరికిందీ మన దగ్గర మిగల్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆ చట్టానికి సవరణ తెచ్చుకుంది. కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ మదింపు లేకుండా పోయే అధికారం చేతికి తెచ్చుకుంది. ఆ జాబితాలో పేదల ఇళ్ల నిర్మాణం కూడా ఉంది. పేదల పేరు మీదే పేదల్ని అడగకుండా ఉండే ఏర్పాటు ఇది. ఇక ల్యాండ్ పూలింగ్ అన్నారంటే సేకరణ చట్టం ఊసే రాదు, అంతా "స్వచ్ఛందం". ఊరు మున్సిపాలిటీలో కలిస్తే గ్రామసభ కూడా ఉండదు. దాని బదులుగా వచ్చే వార్డు కమిటీలను రాజ్యాంగం 3 లక్షల జనాభా, అంతకుమించిన చోట్లే తప్పనిసరి చేసింది.

మన వాడవాళ్లకు భూమి అంటే చాలావరకు లావణి పట్టానే. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. మనల్ని కాపాడడానికే ఆ చట్టం వచ్చింది. కానీ రియల్ ఎస్టేట్ వచ్చాక "ఇది సర్కారు భూమే కదా, వెనక్కి తీసుకుంటున్నాం" అనడానికి అదే సాకయింది. అలా అన్నప్పుడు మేకల పాండు కేసు పేరు చెప్పండి. మన రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల డివిజన్ నుంచే ఉమ్మడి హైకోర్టుకు వెళ్లింది. అసైన్డ్ భూమిని తీసుకున్నా సొంత పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో విస్తృత ధర్మాసనం చెప్పింది. ఇరవై ఏళ్లు దాటినా ఈ తీర్పు పేరు వాడల్లో చాలామందికి తెలియదు. నాకూ విశ్వవిద్యాలయానికి వెళ్లాకే తెలిసింది.

ఇంకో సంగతి. ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు. "మమ్మల్ని సంప్రదించాలి" అనే డిమాండు ఎప్పుడూ మన పక్షానే ఉంటుందనుకోకండి. అమరావతి ఆర్-5 జోన్ చూడండి. రాజధాని ప్రాంతంలో ఇతర ఊళ్ల పేదలకు ఇళ్ల స్థలాలివ్వడానికి 2022 అక్టోబరులో ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలు అడిగారు. భూములిచ్చిన గ్రామాలవాళ్లు వద్దన్నారు. వాళ్ల బాధలో నిజం ఉంది. మాస్టర్ ప్లాన్ చూపించి భూములు తీసుకుని తర్వాత మార్చారు. అందులో అసైన్డ్ భూములు పోగొట్టుకున్న దళితులూ ఉన్నారు. కానీ దాదాపు 50 వేల కుటుంబాలు, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలు, ఆ సంప్రదింపులో ఎక్కడున్నారు? ఇంకా అక్కడ నివాసులు కాలేదు కాబట్టి వాళ్ల మాటకు చోటు లేదు. 2023 మే 26న పట్టాలిచ్చారు, ఆగస్టు 3న హైకోర్టు నిర్మాణాలు ఆపింది. ఆ ఇళ్లు లేవలేదు.

మన దగ్గరా అదే జరగొచ్చు. పక్క గేటెడ్ కాలనీ సంఘంవాళ్లు కూడా ఈ లేఅవుట్‌ను వ్యతిరేకిస్తున్నారు, మనతో కలిసి వస్తామంటున్నారు. రానివ్వండి. అయితే వాళ్లు అడ్డుకోవాలనుకుంటున్నది చెరువు పూడ్చడాన్నా, లేక అందులో కొంత భాగం పేదలకిచ్చే ఇళ్లనా? ముందే అడిగి రాయించుకోండి.

బాబాసాహెబ్ 1919లో, అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు, సౌత్‌బరో కమిటీ ముందు చెప్పింది ఇదే. అభిప్రాయానికి ప్రాతినిధ్యం ఉంటే చాలదు, మనిషికీ ఉండాలని. మన బాధ గురించి సర్పంచో, కాలనీ అధ్యక్షుడో చక్కగానే మాట్లాడొచ్చు. అక్కడ మనం లేకపోతే, లేనట్టే.

అందుకే అర్జీ మళ్లీ రాద్దామంటున్నాను. సంప్రదింపుల సభ వాడలోనే పెట్టాలి, సాయంత్రం ఏడు తర్వాత, కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరాక. సర్వే నంబర్ల వారీగా జాబితా తెలుగులో పది రోజుల ముందే అంటించాలి. కౌలుదారుల, కూలీల పేర్లు వేరే పట్టీలో ఎక్కించాలి. సభలో ఎవరేమన్నారో రాసి, ముగించేముందు పైకి చదివి వినిపించాకే వేలిముద్రలు తీసుకోవాలి. ఈ చివరిది మరిచిపోవద్దు, మా ఊళ్లో ఖాళీ కాగితం మీద తీసుకున్నారు.

తెల్ల కాగితాలు, స్టాంపు ప్యాడ్ తెచ్చాను. మైకు ఇటు ఇవ్వండి, ముందు ఆ చివర నిలబడ్డ అక్కలు మాట్లాడాలి.