పేదగా ఉండటం నేరమా?

(అమీర్‌పేటలో ఒక బస్తీ మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేసి అలసిపోయి వచ్చారు. కొందరు నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చారు. కొందరు కూరగాయల బండి ఇంటి దగ్గర పెట్టి వచ్చారు. పెద్ద ఉపన్యాసం చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట 'నేరం'.

నేరం అంటే ఏమిటి? దొంగతనం నేరం. భార్యను కొట్టడం నేరం. కట్నం అడగడం నేరం. అంటే ఎవరో ఒక చెడ్డ పని చేయాలి. దానివల్ల ఇంకొకరికి నష్టం జరగాలి. అప్పుడు అది నేరం. అంతే కదా?

మరి ఏ చెడ్డ పనీ చేయకుండానే నేరస్థులైన వాళ్లు ఉన్నారు. చేతిలో డబ్బు లేకపోవడమే వాళ్ల నేరం. లేదంటే ఫలానా కులంలో పుట్టడమే నేరం. వాళ్లు ఎక్కడో లేరు. మన అమీర్‌పేట, పంజగుట్ట రోడ్ల మీదే రోజూ మనకు కనబడతారు.

మన అమీర్‌పేట మెట్రో స్టేషన్ మీకు తెలుసు. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మియాపూర్‌లో మెట్రో రైలు ప్రారంభించారు. అదే రోజు హైదరాబాద్‌లో వ్యాపారవేత్తల ప్రపంచ సదస్సు మొదలైంది. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ ఆ సదస్సుకు వచ్చారు. ఊరంతా ముస్తాబు చేశారు.

ఆ ముస్తాబులో ఇంకో పని కూడా జరిగింది. నవంబరు 8 నుంచి 2018 జనవరి 7 దాకా, రెండు నెలల పాటు, హైదరాబాద్‌లో రోడ్ల మీద అడుక్కోవడాన్ని నగర పోలీసు కమిషనర్ నిషేధించారు. చౌరస్తాల దగ్గర, గుడుల దగ్గర కూర్చున్నవాళ్లను పోలీసులు బండ్లలో ఎక్కించారు. చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలో ఉన్న ఆశ్రమాలకు తీసుకుపోయారు. ఇక అడుక్కోము అని మాట ఇచ్చిన కొందరిని వదిలారు. అడుక్కునేవాళ్లు ఎక్కడున్నారో చెబితే 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. 2000 సంవత్సరంలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడు కూడా ఇలాగే రోడ్లు ఖాళీ చేయించారు.

చుట్టాలు వస్తున్నారంటే మనమూ ఇల్లు ఊడుస్తాం. చెత్త ఎత్తి పారేస్తాం. కానీ ముసలి అత్తను తీసుకుపోయి ఊరవతల దించి రాము కదా!

ఆశ్రమంలో అన్నం పెట్టారు, మంచం ఇచ్చారు అని మీరు అనవచ్చు. నిజమే, పెట్టారు. అన్నం పెట్టడం మంచిదే. కానీ రమ్మని పిలిచి అన్నం పెట్టడం వేరు. బండిలో ఎక్కించి జైలు గోడల మధ్య పెట్టడం వేరు.

ఇప్పుడు పంజగుట్టకు పోదాం. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో రోగులు వస్తారు. ఒక తల్లి వచ్చింది అనుకోండి. భర్తను లోపల చేర్చింది. నాలుగు రోజులు అనుకుంటే నలభై రోజులు అయింది. తెచ్చిన పైసలు అయిపోయాయి. పుస్తె కూడా కుదువ పెట్టింది. ఫుట్‌పాత్ మీద పడుకుంటోంది. ఒకరోజు ఆకలికి తాళలేక గేటు దగ్గర చెయ్యి చాపింది. ఆమె ఏం నేరం చేసింది? ఎవరికి నష్టం చేసింది?

కానీ చట్టం ఆమెను వేరే కంటితో చూస్తుంది. 1959లో బొంబాయి రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. తర్వాత అదే ఢిల్లీలో కూడా అమలైంది. ఆ చట్టం ప్రకారం పాట పాడి డబ్బులు తీసుకున్నా అడుక్కోవడమే. జోస్యం చెప్పినా, గారడీ చేసినా అడుక్కోవడమే. బతకడానికి ఏ ఆధారమూ కనబడకుండా రోడ్డు మీద తిరిగితే, అదీ అడుక్కోవడమే! వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారి ఒకటి నుంచి మూడేళ్ల దాకా నిర్బంధం. మళ్లీ మళ్లీ దొరికితే పదేళ్ల దాకా. ఈ లెక్కన మన గంగిరెద్దుల వాళ్లు, బుడబుక్కల వాళ్లు, సోది చెప్పే ఎరుకల అవ్వ, అందరూ ఏమవుతారు?

మన రాష్ట్రంలో కూడా 1977లో భిక్షాటన నివారణ చట్టం చేశారు.

ఢిల్లీలో ఈ చట్టం మీద కొందరు కోర్టుకు వెళ్లారు. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఇద్దరు జడ్జీలలో ఒకరు మహిళ, గీతా మిట్టల్. ఎవరూ సరదాకు అడుక్కోరు, గతి లేక అడుక్కుంటారు అని కోర్టు చెప్పింది. తిండి, బట్ట, పని చూపించలేకపోయిన ప్రభుత్వం, ఆ మనిషినే నేరస్థుడు అనడం ఏం న్యాయం అని అడిగింది. అడుక్కోవడాన్ని నేరం చేసిన సెక్షన్లను కొట్టేసింది. 2021లో కరోనా సమయంలో సుప్రీంకోర్టుకు ఇంకో పిటిషన్ వచ్చింది. కూడళ్లలో అడుక్కునేవాళ్లను ఆపించండి అని అడిగారు. కలిగినవాళ్ల కళ్లతో మేము చూడము, పేదరికమే వీళ్లను రోడ్డెక్కించింది అని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఢిల్లీ తీర్పు ఢిల్లీకే. మన 1977 చట్టాన్ని ఆ తీర్పు కొట్టేయలేదు.

దేశం కాని దేశంలో కూడా ఇదే గొడవ. స్విట్జర్లాండ్ చాలా డబ్బున్న దేశం. అక్కడ జెనీవా ఊళ్లో ఒక పేద యువతి అడుక్కుంది. రొమేనియా నుంచి వచ్చిన రోమా జాతి అమ్మాయి. చదువు రాదు, పని లేదు. 500 ఫ్రాంకుల జరిమానా వేశారు. అడుక్కునే మనిషి జరిమానా ఎక్కడి నుంచి తెస్తుంది? కట్టలేదని ఐదు రోజులు జైల్లో పెట్టారు. ఆమె ఊరుకోలేదు. ఐరోపా మానవ హక్కుల కోర్టు దాకా పోయింది. 2021 జనవరిలో ఆ కోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు. "మేడమ్, అడుక్కునేవాళ్లలో మోసగాళ్లు లేరా? పసిపిల్లలను అద్దెకు తెచ్చి అడిగించేవాళ్లు లేరా?" ఉన్నారు. వాళ్లను వదలమని ఎవరూ చెప్పడం లేదు. పిల్లలను ఎత్తుకుపోయి అడిగించేవాళ్లకు వేరే చట్టం ఉంది, గట్టి శిక్ష ఉంది. బలవంతంగా అడిగించే ముఠాల మీద ప్రభుత్వం చట్టం చేసుకోవచ్చని ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. ముఠా నాయకుడు ఇంట్లో కూర్చుంటే, ఎండలో నిలబడ్డ పిల్లను పట్టుకుపోతే ఏం లాభం?

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది మన హైదరాబాద్ సంగతే. చౌరస్తాలో ఎర్ర లైటు పడగానే చప్పట్లు కొడుతూ హిజ్రాలు వస్తారు. మనలో కొందరు ముఖం తిప్పుకుంటాం. కొందరు భయపడతాం. వాళ్ల మీద వందేళ్ల పైగా ఒక చట్టం ఉండేదని మనలో చాలామందికి తెలియదు.

నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో ఆ చట్టం చేశారు. హిజ్రాల పేర్లు ఒక రిజిస్టరులో రాయాలి. పిల్లలను ఎత్తుకుపోతారని అనుమానం ఉందని చెప్పి రాయవచ్చు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. పేరు రిజిస్టరులోకి ఎక్కిన మనిషి చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే నేరం. వీధిలో ఆడినా, పాడినా నేరం. పదహారేళ్ల లోపు మగపిల్లవాడు ఇంట్లో ఉంటే నేరం. వారంటు లేకుండా అరెస్టు. రెండేళ్ల దాకా జైలు.

మొదటిసారి మన పేరు మనం రాసుకున్నప్పుడు ఎంత సంతోషపడ్డామో గుర్తుందా? కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లకు మాత్రం పేరు రాయడం అంటే సంకెల వేయడమే.

ఇలాంటి రిజిస్టరు తెల్లదొరలు కూడా పెట్టారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలు అన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. ఎరుకల వాళ్లను అక్కడ పెట్టి హాజరు తీసుకునేవారు. కడుపులో బిడ్డ ఉండగానే ఆ బిడ్డ దొంగ! స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ దొంగలు అనేవాళ్లు ఉన్నారు. చట్టం కాగితం మీద పోయినంత తొందరగా మనిషి మనసులోంచి పోదు.

నిజాం కాలం చట్టం మాత్రం పోలేదు. స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం అలాగే ఉంది. పేరు ముందు తెలంగాణ అని కూడా చేరింది! 2018లో వైజయంతి వసంత మోగ్లి, మరికొందరు హైకోర్టుకు వెళ్లారు. ఐదేళ్లు పట్టింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒక సమూహాన్ని మొత్తం నేరస్థులు అనడం రాజ్యాంగానికి విరుద్ధం అని చెప్పింది. ఆసరా పింఛను వాళ్లకు కూడా ఇవ్వాలని చెప్పింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగం 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా పనిలోకి తీసుకుంది. పని చూపిస్తే చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను పనిలోకి రానిచ్చేవాళ్లే తక్కువ.

మీలో రోడ్డు మీద బండి పెట్టుకునేవాళ్లు ఒక మాట వినండి. మీరు కూడా ఈ కథలో ఉన్నారు. రోడ్డు మీద అమ్ముకోవడం నేరం అన్నట్టు మిమ్మల్ని తరిమిన రోజులు ఉన్నాయి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా మిమ్మల్ని ఖాళీ చేయించకూడదు. సరుకు పట్టుకుపోతే, ఏమేమి తీసుకున్నారో లిస్టు ఇవ్వాలి. ఇన్నాళ్లూ లిస్టు ఇచ్చినా చదవలేకపోయాం. ఇప్పుడు చదవగలం. లిస్టు అడగండి. టమాటాలు ఎన్ని కిలోలు రాశారో చూడండి.

పోలీసు స్టేషన్ సంగతి కూడా చెబుతాను. ఎవరినైనా అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి. 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పొద్దు గూకిన తర్వాత, తెల్లవారక ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. మరీ తప్పనిసరి అయితే మహిళా అధికారి రాసి అడిగి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే ముందు చదవండి. అర్థం కాకపోతే చదివి చెప్పమనండి. తొందరేమీ లేదు.

వకీలుకు డబ్బులు లేవని భయపడకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. మీ సంపాదన ఎంత అని చూడరు. కోర్టుల్లో న్యాయ సేవా సంస్థ ఆఫీసులు ఉంటాయి. ఫోను కూడా చేయవచ్చు. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్న ఆ తల్లికి కూడా ఈ నంబరు చెప్పవచ్చు.

ఇప్పుడు నోటుబుక్కులు తీయండి. నంబరు చెబుతాను, రాసుకోండి. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. 15100. రాశాక పక్కన కూర్చున్న అక్క పుస్తకం కూడా చూడండి. చివర సున్నాలు రెండు ఉండాలి.