నూనె వేడిని చూపు ముల్లు నిజము చెప్పుచున్నదా?

పాత మోటారుబండ్ల ఇంజనులోని నూనె వేడిని చూపు గేజిని గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పంతులునకు ఇంజనుతో నేమి పని యందురేమో. పని తగిలినది.

ఆదోనిలో ప్రత్తివ్యాపారము చేయు మిత్రుడొకరికి తండ్రినాటి అంబాసిడరు కారు కలదు. ఆ బండ్ల తయారీ 2014లో నిలిచిపోయినది. తండ్రిగారు దానికి నూనె వేడి చూపు గేజి నొకదానిని వేరుగా అమర్పించియుండిరి. మొన్నటి వేసవిలో ఎమ్మిగనూరినుండి వచ్చుచుండగా ముల్లు 120 డిగ్రీలకెక్కినది. బండి బాగుగా వేడెక్కిన పిదప నూనె సాధారణముగా 80 మొదలు 110 డిగ్రీల నడుమ నుండును. మితిమీరి కాగిన నూనె పలుచబడును. బేరింగుల నడుమ నిలువవలసిన పొర నిలువదు. మరమ్మతువాడు ఇంజను విప్పవలయు ననెను. విప్పుటయన్న వేలకొలది రూపాయల వ్యయము. ముందు గేజిని పరీక్షింపు మంటిని.

జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమని మీమాంసకులందురు. మరియొకదానివలన తేలవలయునని నైయాయికులందురు. గేజి విషయమున నేను నైయాయికుల పక్షము.

ఇంజను చల్లారిన పిదప నూనె వేరు పాత్రలోనికి దింపి, గేజి బుడ్డిని ఊడదీసితిమి. దానినుండి ముల్లుదాక పోవు సన్నని రాగిగొట్టము వంగి విరిగెనా, గేజి చెడినట్లే. కావున మిక్కిలి జాగ్రత్త వలయును. విద్యుత్తుతో నడచు గేజియైనచో బుడ్డి లోహమునుండి బండి చట్రమునకొక తీగ కలుపవలయును. లేనిచో ముల్లు కదలదు.

గిన్నెడు నీటిలో బుడ్డిని, ప్రయోగశాలలో వాడు ఉష్ణమాపకమును ప్రక్కప్రక్కన, అడుగునకు తగులకుండ వ్రేలాడదీసి, మెల్లగా కాచుచు కలియబెట్టితిమి. జ్వరము చూచు గొట్టము దీనికి పనికిరాదు. అది 42 డిగ్రీలు దాటదు, పగులును. నీరు నిజముగా 60 డిగ్రీలున్నప్పుడు ముల్లు 62 చూపెను, 80కి 87, నీరు తెరలునప్పుడు 112.

ఇచ్చట నొక మెలిక కలదు. మరిగెడు నీరు నూరు డిగ్రీలని పిల్లలకు చెప్పుదుము. అది సముద్రతీరపు లెక్క. ఆదోని సుమారు 435 మీటర్ల ఎత్తున నున్నది. 300 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గును. కనుక మన నీరు 98.5 దగ్గరనే మరుగును. ఉష్ణమాపకము నట్లే చూపెను. దానిపై మాకు నమ్మిక కుదిరినది.

తప్పు వేడితోపాటు పెరుగుచున్నది గనుక నీటితో సరిపోదు. బుడ్డిని పొడిగా తుడిచి, మన మిల్లుల వేరుసెనగనూనెలో మరల కాచితిమి. కాగిన నూనెలో నీటిచుక్క పడిన చిమ్మి ఒడలు కాల్చును. పిల్లలను దూరముగ నుంచుడు. నిజమైన వేడి 105 ఉన్నప్పుడు ముల్లు 120 మీద నిలిచెను. ఇంజను విప్పు పని తప్పినది.

ఎక్కువ చూపు గేజి ధనమును తినును. తక్కువ చూపునది ఇంజనునే తినును. మొదటిదానిని సవరణ లెక్కతో వాడుకొనవచ్చును. రెండవదానిని నేనైతే బండిలో నుంచను. మా మిత్రుడు ఆ నాలుగు అంకెలను చిన్న కాగితముపై వ్రాసి ముల్లు క్రింద నంటించుకొనెను. ఏటేట వేసవికి ముందు మరల చూచుకొందుననెను.