మత్తులో ఉన్న పంటికి వేడి తెలియదు

ఈ రోజు నుంచి దంతవైద్యులుగా పిలిపించుకోబోతున్న మీకు అభినందనలు.

రూట్ కెనాల్‌లో మీరు నింపే గట్టాపర్చా గురించి నాలుగు మాటలు చెబుతాను. మలయా అడవుల్లోని చెట్ల పాలు అది. 1843లో మాంట్‌గోమరీ అనే వైద్యుడు దాన్ని లండన్‌కు పరిచయం చేశాడు. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు అదే తొడుగైంది. 1867లో బౌమన్ అనే దంతవైద్యుడు దాన్ని పంటి వేరులో నింపాడు. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడే గుణమే దాన్ని రెండు చోట్లకూ చేర్చింది.

ఆ గుణానికి లెక్కలున్నాయి. సుమారు 42 నుంచి 49 డిగ్రీల మధ్య దాని స్ఫటిక రూపం బీటా నుంచి ఆల్ఫాకు మారుతుంది. 53 నుంచి 59 మధ్య ఆ అమరిక పూర్తిగా కరిగిపోతుంది. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అందుకే ప్లగ్గర్‌తో అదుముతూ ఉండాలి. దానిలో వేడి 4, 5 మిల్లీమీటర్లకు మించి దిగదు. 1967లో షిల్డర్ అనే దంతవైద్యుడు వేడి గట్టాపర్చాతో కాలువను మూడు కొలతల్లోనూ నింపాలని రాసినప్పటి నుంచి మన వృత్తి ఈ లెక్కల చుట్టూనే తిరుగుతోంది.

ఇప్పుడు వేరు చుట్టూ ఉండే ఎముక సంగతి వినండి. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముకకు హాని జరుగుతుందని 1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు కుందేళ్ల మీద చేసిన ప్రయోగంలో చూపారు. ఒంటి వేడి కంటే 10 డిగ్రీలే ఎక్కువ! పదార్థం మెత్తబడే వేడి, ఎముక చచ్చే వేడి ఇంత పక్కపక్కనే ఉన్నాయి. గట్టాపర్చాను మెత్తబరిచే మన చేతిలోని పరికరమేమో 200 డిగ్రీలకు పెట్టి ఉంటుంది. మొన దగ్గర అంత వేడి ఉండదన్నది నిజమే, కానీ ఆ ధీమాతో అక్కడే పట్టి ఉంచితే ప్రమాదం. రోగిని కాపాడుతున్నవి మూడే: వేడిని త్వరగా పోనివ్వని డెంటిన్, వేరు చుట్టూ పారే నెత్తురు, మీరు తీసుకునే సమయం. కింది ముందు పళ్లలో డెంటిన్ పలుచన. అక్కడ మొదటి రక్షణ సగం పోయినట్టే. మత్తిచ్చాం కాబట్టి రోగి "అబ్బా" అని కూడా అనడు. వేరు అరిగిపోవడమో, ఎముకకు అతుక్కుపోవడమో నెలల తర్వాత ఎక్స్‌రేలో బయటపడుతుంది.

వేడితో జాగ్రత్త నోటి బయట కూడా కావాలి. మీలో కొందరు రామగుండంలోనో, రెంటచింతలలోనో క్లినిక్ పెడతారు. మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లవి. గట్టాపర్చా పాయింట్ల డబ్బాను కిటికీ పక్కన, బండి డిక్కీలో వదలకండి. వేడికి, వెలుతురుకు పాతబడి అవి పెళుసెక్కుతాయి.

నా విన్నపం ఒక్కటే. వేడి మొన లోపలికి దింపిన ప్రతిసారీ సెకన్లు లెక్కపెట్టండి, 3, 4 సెకన్లలో వేడి ఆపండి. వేరు పలుచనని అనుమానం వస్తే వేడి జోలికి పోకుండా లాటరల్ కండెన్సేషన్ చేయండి, అది ఇప్పటికీ మంచి పద్ధతే.