నింద వేసేముందు



మొన్న ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో నా పక్కనావిడ, "ఆ ట్రావెల్సాయన మా కాశీ డబ్బు మింగేశాడమ్మా" అంది. నా చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. ఆ ఆఫీసులో నేను ఆరేళ్ళు పనిచేశాను. పిల్లలు బడికి వెళ్ళడం మొదలెట్టాక, నా పదో తరగతి చదువు చూసి కూడా ఉద్యోగమిచ్చిన మనిషాయన. ఆవిడ డబ్బుకు రశీదు రాసింది నేనే.

జరిగింది చెబుతాను, వినండి. 2020 ఏప్రిల్‌లో కాశీ వెళ్ళడానికి మా వూరివాళ్ళు ఇరవై ఇద్దరు డబ్బు కట్టారు. ఇంతలో కరోనా వచ్చిపడింది. మార్చి 25 నుంచి దేశంలో తిరిగే ప్రయాణీకుల విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ ఎగిరింది మే 25న.

"మేము కట్టింది మీకు, మీరే ఇవ్వండి" అన్నారు జనం. వినడానికి న్యాయమే. కాని టిక్కెట్టు తీశాక ఆ సొమ్ము విమానాల కంపెనీకి వెళ్ళిపోతుంది. మధ్యవాడికి మిగిలేది కాస్త కమీషను. కంపెనీవారేమో డబ్బివ్వక, "మీ పేర జమ వుంది, తర్వాత ప్రయాణం చేసుకోండి" అన్నారు. ఆ యేడు అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డబ్బుకు ఇబ్బందిపడుతున్న కంపెనీలు లాక్‌డౌనుకు ముందు కొన్న టిక్కెట్ల సొమ్మును 2021 మార్చి 31 దాకా జమగా వుంచవచ్చు, అప్పటికీ వాడుకోకపోతే తిరిగి ఇచ్చెయ్యాలి అని. అంటే ఏడాదిపాటు డబ్బు ఒకరి దగ్గర, నింద ఇంకొకరి మీద!

ఆయన తన కమీషనూ, బస్సు కోసం తీసుకున్న అడ్వాన్సూ ముందే తిరిగి ఇచ్చేశారు. ఒకావిడ భర్త ఆస్పత్రిలో వుంటే, కంపెనీ నుంచి పైసా రాకముందే, చీటీ పాడుకొని ఆవిడ సొమ్ము చేతిలో పెట్టారు. ఆఫీసు మూతపడినన్నాళ్ళూ మా ముగ్గురికీ సగం జీతం ఇచ్చారు.

ఆయన వల్ల పొరపాటే లేదనను. జనం కేకలు వేస్తూంటే భయపడి ఫోను తీయడం మానేశారు. ఉన్న సంగతి ఒక కాగితం మీద రాసి గుమ్మానికి అంటించివుంటే సగం నింద తప్పేది. మేమైనా ఆ మాట చెప్పవలసింది, చెప్పలేదు.

2021లో డబ్బు వచ్చాక సంతకాలు పెట్టించుకుని అందరికీ పంచింది నేనే. పెళ్ళిలో మాట్లాడినావిడ వాటాకు వాళ్ళబ్బాయి సంతకం వుంది. ఇంట్లో చెప్పడం మరిచిపోయాడు కాబోలు! నలుగురిలో ఆ మాట అనలేక, మరునాడు వాళ్ళింటికి వెళ్ళి నెమ్మదిగా చెప్పాను. "అయ్యో, ఎంతమందితో అన్నానో!" అని ఆవిడ ఎంతో నొచ్చుకుంది. పేరు చెప్పకుండా రేడియోలో చెప్పమన్నదీ ఆవిడే.

కాబట్టి అమ్మా, డబ్బు కట్టినచోట రశీదూ, టిక్కెట్టు నంబరూ అడిగి తీసుకోండి. ఆలస్యమైతే సొమ్ము ఇప్పుడు ఎవరి దగ్గర వుందో నిలదీసి అడగండి, అది మన హక్కు. అడగకుండా దొంగ అనేస్తే మాత్రం, ఆ మాటను రశీదు చూపించి వెనక్కి తీసుకోలేము.

సెలవు.